పాటులో పోయిన బూటు

ఆ రోజుల్లో అడవి చూడ్డానికి టిక్కెట్టు లేదు, టైము లేదు, తిరిగి ఇంటికొస్తామన్న పూచీ కూడా లేదు. ఇప్పుడు అన్నీ ఉన్నాయి. మొన్న ఆదివారం నా మనవరాలు (మా యానాంలోనే టీచరుగా చేస్తోంది, ఫోను చేతిలో లేనంతసేపూ బుద్ధిమంతురాలు) నన్ను కోరంగి మడ అడవికి తీసుకెళ్లింది. చెక్కలు పరిచిన బాట మీద మెల్లగా నడుస్తున్నాం. మా ముందు నల్లద్దాల పెద్దమనిషి ఒకడు అక్కడి కాపలా మనిషిని ఆపి, "నీటికుక్కలు ఎన్ని గంటలకొస్తాయండీ?" అని అడిగాడు. రాజమండ్రి బస్సు ఎన్నింటికని అడిగినట్టే అడిగాడు. నాకు ఒళ్లు మండిపోయింది. ఏమయ్యా, అవేమైనా నీ దగ్గర జీతానికున్నాయా అని చేతికర్ర ఎత్తి మరీ అడుగుదామని నోరు తెరిచాను. తెరిచిన నోరు అలాగే మూసుకున్నాను. ఎందుకంటే నీటికుక్కలు ఎన్ని గంటలకు వస్తాయో కలం పట్టి నోటుపుస్తకంలో రాసిన మొట్టమొదటి వెధవని నేనే. అదీ అవి రావడానికి ముందు రోజు.

నాకప్పటికి ఇరవై నిండలేదు. అయిదో తరగతితో బడి మానేశాను. (మానేశాననడం మర్యాద కోసం. మా నాన్న పోయిన ఏడు బడే నన్ను మానేసింది.) తెల్లారుజామునే రేవులో చేపల గంపలు మోయడం, ఎండెక్కాక ఐసు కొట్టడం, మిగిలిన పొద్దంతా చదవడం నా పని. పొట్లం కట్టిన కాగితం, మందు సీసా మీది చీటీ, చర్చిలో పంచిన కరపత్రం, మంగలి షాపులో నెల దాటిన పేపరు, ఏది దొరికితే అది చదివేవాణ్ణి. చదివిందల్లా నమ్మేవాణ్ణి. అచ్చులో ఉన్నది తప్పయితే దాన్ని అచ్చెందుకు వేస్తారు అన్నది నా వాదన. ఆ వాదనతో మా ఫరంపేటలో నేను ఓడించని మనిషి లేడు, మా మావయ్య తప్ప. ఆయన్ని ఓడించలేకపోవడానికి కారణం ఆయన వాదించకపోవడమే.

మావయ్య అంటే మా అమ్మకి అన్నయ్య, దరియాలతిప్ప మనిషి. ఆయనకొక పడవ, రెండు వలలు, నోట్లో ఎప్పుడూ ఒక చుట్ట ఉండేవి. అక్షరం ముక్క రాదు. సముద్రపు నీరు పైకొస్తే పోటు, వెనక్కి లాగితే పాటు అంటాం కదా, అది ఏ పాయలో ఎప్పుడు వస్తుందో ఎప్పుడు పోతుందో ఆయన నీళ్లలో చెయ్యి పెట్టి చెప్పేవాడు. అదెలా తెలుసు మావయ్యా అంటే, "తెలుత్తాదిరా" అనేవాడు. అది జవాబా? ఆ జవాబు విన్నప్పుడల్లా మా జాతి ఎందుకు వెనకబడిందో నాకు అర్థమయ్యేది.

నా చదువుకి అసలు ఆధారం ఆయన కాదు, మా వీధి చివర ఉండే ఫ్రెంచి తాత. పడుచుతనంలో ఫ్రెంచి పటాలంలో పనిచేసి, పింఛనుతో వచ్చి కూర్చున్న మనిషి. ఆయన దగ్గర ఇటుకంత లావున జంతువుల బొమ్మల పుస్తకం ఒకటుండేది. అంతా ఫ్రెంచి. సాయంత్రాలు వేలు పెట్టి ఒక్కొక్క బొమ్మకీ అర్థం చెప్పేవాడు, నేను రాసుకునేవాణ్ణి. అది ఏ దేశపు అడవుల గురించి రాసిన పుస్తకమో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. అడవంటే అడవే అనుకున్నాను. మాకు తెలిసిన అడవి మడ అడవి ఒక్కటే.

ఇలా జ్ఞానం పోగేసుకుంటున్న రోజుల్లో టోపీ మేడం వచ్చింది. పేరు వేరే ఉంది గానీ, వెదురు టోపీ పెట్టుకుని రేవులో దిగింది కనక ఊరంతా ఆ పేరే ఖాయం చేసింది. ఎక్కడో పెద్ద చదువుల సంస్థ నుంచి నీటికుక్కల మీద పరిశోధనకి వచ్చిందట. మూడేళ్ల పని. రోజూ పాయల్లో తిరిగి, కనిపించినదల్లా తేదీ వేసి రాసే మనిషి ఒకడు కావాలి, నెల జీతం. కలంతో చేసే ఉద్యోగం! గంప దించిన నెత్తి మీద నాకు గాలి కొత్తగా తగిలింది. వెళ్లి మేడం ముందు నిలబడి, మడ అడవి నాకు అరచేతిలో గీతలంత తెలుసన్నాను. ఆవిడ నన్ను పైనుంచి కిందకి చూసి, "సరే బాబూ. గురువారం నన్ను తీసుకెళ్లు. ఆ ఒక్కరోజు నీ రాత చూస్తాను. తర్వాత మాట్లాడుకుందాం" అంది. నేను ఇల్లు చేరేలోగా మా అమ్మ నాకు ఉద్యోగం వచ్చేసిందని వీధిలో సగం మందికి చెప్పేసింది. మిగతా సగానికి నేను చెప్పాను. ఇక గురువారం తేడా వస్తే మళ్లీ అదే రేవులో అదే గంపెత్తుకుని అదే జనం ముందు నడవాలి.

అందుకని ఏదీ దైవాధీనంగా వదల్లేదు. కాకినాడ రేవు కేలెండరు ఒకటి సంపాదించాను. అందులో పోటు ఎప్పుడు, పాటు ఎప్పుడు అని నిమిషాలతో సహా అచ్చువేసి ఉంది. గురువారం పొద్దున్న ఎనిమిదింటికి పాటు అయిపోయి పోటు మొదలు. అంటే ఆరింటికి బయల్దేరి, పోయే నీటితో పాటే పాయలోకి జారుకుంటే, ఎనిమిదింటికి కొత్త నీరు మనల్ని చేతుల్లో ఎత్తుకుని అడవి నడిబొడ్డుకి తీసుకెళ్తుంది. ఎంత సొగసైన లెక్క! తర్వాత నోటుపుస్తకం సంగతి. పడవ కుదుపుల్లో అక్షరాలు వంకర పోతే మేడం ఏమనుకుంటుందో అని బుధవారం రాత్రే కుదురుగా కూర్చుని గురువారం చూడబోయేవన్నీ రాసేశాను. పక్షులకి ఒక పేజీ, జంతువులకి రెండు. ఏది ఎన్నింటికి కనిపించాలో కేలెండరుని బట్టి గుణించి పక్కన వేశాను. (ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తోంది గానీ, అప్పుడు దాన్ని ముందుచూపు అనుకున్నాను.)

ఇక వేషం. తెల్ల ప్యాంటు చర్చి పాస్టరు గారి తమ్ముడిది. బూట్లు ఫ్రెంచి తాతవి, యుద్ధం చూసిన బూట్లు. నా పాదం కంటే రెండు వేళ్లు పెద్దవి కావడంతో ముందు భాగంలో కాగితాలు కుక్కాను. మిగిలింది మావయ్య. పడవ ఆయనదే, గెడ వేసి తోసేదీ ఆయనే. ఆయన మధ్యలో ఏదో అనేస్తే మేడం ముందు నా పరువేం కాను? అందుకని వెళ్లి బతిమాలుకున్నాను. ఈ ఒక్కరోజు నువ్వు నోరు విప్పకు మావయ్యా, నా బతుకు నీ చేతిలో ఉంది అన్నాను. ఆయన చుట్ట తీసి నా కాళ్లకేసి చూసి, "పడవెక్కడానికి బూట్లేంట్రా" అన్నాడు. ఇదిగో, ఇలాంటివే అనొద్దంటున్నాను అన్నాను. సరే అని తలూపాడు.

ఆ మాట ఆయన ఎంత నిలబెట్టుకున్నాడంటే, అంత నిజాయితీ మనుషులకి పనికిరాదు. తెల్లారి గోదారి మీద మంచు ఇంకా విడవకముందే బయల్దేరాం. మడ చెట్ల మధ్య చిన్న పాయ మొదలయ్యే మొగలో మావయ్య గెడ ఆపి నాకేసి చూశాడు. లోపలికే అన్నాను. మళ్లీ చూశాడు. కేలెండరు కాగితం జేబులోంచి తీసి చూపించాను. గెడ వేశాడు. పాయ సన్నబడింది. రెండు పక్కలా గట్లు పైకి లేస్తున్నట్టనిపించింది. అవి లేవడం లేదు, మేమే దిగుతున్నాం. ఎనిమిదికి పది నిమిషాలుండగా పడవ అడుగు బురదని రాసుకుంది. మేడం, ఇప్పుడు చూడండి, ఇంకో పది నిమిషాల్లో నీరు తిరుగుతుంది అన్నాను. ఎనిమిదయింది. నీరు పోతూనే ఉంది. గడియారాలు కొంచెం ముందుంటాయి లెండి అన్నాను. ఎనిమిదింపావుకి పడవ ఒక పక్కకి ఒరిగి, బురదలో పడుకున్న గేదెలా స్థిరపడిపోయింది.

అప్పటికైనా ఊరుకోవలసింది. నెట్టి వస్తానని దూకాను. మోకాళ్లు దాటి, తొడల దాకా దిగిపోయాను. ఆ బురద మిమ్మల్ని పట్టుకోదు, మింగుతుంది. మావయ్య గెడ అందించి మాటాపలుకూ లేకుండా పైకి లాగాడు. నేను వచ్చాను, పాస్టరు గారి తమ్ముడి ప్యాంటు నల్లగా వచ్చింది, కుడి బూటు వచ్చింది, ఎడమ బూటు రాలేదు. అది మడమ పైకి పెట్టి, నాలుగు బారల దూరంలో బురదలో నిలబడి ఉంది. నిలబడి ఉన్న బూటు కంటే ఒంటరిగా కనిపించే వస్తువు ఇంకోటి నేను చూడలేదు.

మేడం టోపీ సర్దుకుని మావయ్య వైపు తిరిగింది.

"ఏమండీ, నీరు ఎప్పుడొస్తుంది?"

మావయ్య నాకేసి చూశాడు. "మాటాడొద్దన్నాడండి మా అల్లుడు."

"నేను అడుగుతున్నాను కదా. చెప్పండి."

"ఆ కాయితం కాకినాడ రేవుదండి. అక్కడ తిరిగిన నీరు ఇక్కడికి నడిచి రావద్దా? అడివిలోకొచ్చేతలికి ఇంకో రెండు గంటలడతాది. అసలు పాటులో సిన్న పాయలోకి ఎవడూ రాడండి."

"మరి మీరెందుకొచ్చారు?"

"ఆడికి ఉజ్జోగం కావాలండి" అని చుట్ట వెలిగించుకున్నాడు.

మేడం నా నోటుపుస్తకం అడిగింది, పడవ ఆగిన టైము వేసుకోవడానికి. ఇవ్వనంటే బాగోదు. ఇచ్చాను. ఆవిడ ఖాళీ పేజీ కోసం తిప్పింది. తిప్పుతూ ఆగింది. మెల్లగా పైకి చదవడం మొదలెట్టింది. "ఎనిమిదింపావు. నీటికుక్కలు నాలుగు కనిపించినవి. మిక్కిలి చురుకుగా ఉన్నవి." చేతి గడియారం చూసుకుంది. సరిగ్గా ఎనిమిదింపావు దాటి అయిదు నిమిషాలు. "తొమ్మిదిన్నర. కర్రలు కొరికి నీటికి అడ్డంగా ఆనకట్ట కట్టు పెద్ద ఎలుక, ఒకటి." ఫ్రెంచి తాత పుస్తకంలో దానిది రెండు పేజీల బొమ్మ మరి. ఈ ఎలుక ఎక్కడ ఉంటుంది బాబూ అని చాలా శాంతంగా అడిగింది. ఇక్కడే ఎక్కడో ఉంటుందండి అన్నాను. మావయ్య పొగ వదిలాడు. ఒట్టు అప్పటికే తెగిపోయింది కనక ఆయన్ని ఇక ఎవరాపుతారు?

"దవిలేశ్వరం ఆనకట్ట దొరలు కట్టేరనుకుంటన్నాం రా ఇన్నాళ్లూ" అన్నాడు.

మేడం ఇంకో పేజీ తిప్పింది. అది చదవకుండా ఉంటే బావుండునని ఆ క్షణంలో నేను పడిన వేదన దేవుడికి తెలుసు. "ఒంటిగంటన్నర. మేడం గారు మిక్కిలి సంతృప్తి చెంది తిరుగు ప్రయాణము." చదివి పుస్తకం మూసి నా ఒళ్లో పెట్టింది. ఆవిడకి కోపం వచ్చిందో నవ్వొచ్చిందో టోపీ నీడలో నాకు కనిపించలేదు. ఇక ఉద్యోగం మాట ఎత్తనక్కర్లేదని మాత్రం అర్థమైంది. రేపటి గంప బరువు ఇప్పుడే నెత్తి మీద కూర్చుంది. పారిపోదామా అంటే ఒంటి బూటుతో ఎక్కడికి? ముగ్గురం కూర్చున్నాం. చేసేదేమీ లేక, మొదటిసారి నేను నోరు మూసుకుని చుట్టూ చూశాను.

నీళ్లు పోయాక గానీ అడవి మొదలవదని నాకు అప్పటిదాకా తెలియదు. మొదట చప్పుడు వినిపించింది. బురదంతా సన్నగా చిటపటమంటోంది, ఎక్కడో పెద్ద పొయ్యి మీద ఆవాలు వేగుతున్నట్టు. చెట్ల కింద నేలలోంచి వేళ్లు పైకి పొడుచుకొచ్చి ఊపిరి తీసుకుంటున్నాయి, వేలకొద్దీ, మేకులు దిగ్గొట్టినట్టు. ఆ మేకుల మధ్య నేలకి రంధ్రాలు పడ్డాయి. రంధ్రాల్లోంచి పీతలొచ్చాయి. ఒక చెయ్యి చిన్నది, రెండో చెయ్యి ఒంటికంటే పెద్దది, ఎర్రగా. ముందొకటి ఆ ఎర్ర చెయ్యి ఎత్తి దించింది. పక్కది ఎత్తింది. చూస్తుండగానే కనుచూపు మేర గట్టంతా చేతులెత్తడం, దించడం. బళ్లో హాజరు పలికినప్పుడు చేతులు లేస్తాయే, అలాగ. నేను అయిదో తరగతి తర్వాత చూడని దృశ్యం. చేపలు నీళ్లొదిలి గట్టెక్కి, రెక్కలు మోచేతుల్లా ఆనించి, పెద్ద కళ్లతో మమ్మల్నే చూస్తూ గెంతుతున్నాయి. అవతలి గట్టున ఒక నక్క వచ్చి మమ్మల్ని చూసి, ఇక్కడ మనుషులెందుకున్నారని కాసేపు ఆలోచించి, తన దారిన తాను పోయింది. పుట్టిన దగ్గర్నుంచీ నేను ఈ అడవి పక్కనే ఉన్నాను. అరచేతిలో గీతలన్నాను. అసలు ఆ చెయ్యే నేను చూడలేదు.

ఎంతసేపైందో తెలియదు. మావయ్య చుట్ట ఆర్పేసి వేలు పెదాల మీద పెట్టుకున్నాడు. దూరంగా ఈల వినిపించింది, పసిపిల్ల గొంతుతో ఎవరో పిలిచినట్టు. ఇంకో ఈల బదులిచ్చింది. పాయ నడుమ మోకాలి లోతు నీరు మిగిలింది కదా, అందులో వంపు తిరిగి తలలు వచ్చాయి. నున్నటి తలలు, తడి మీసాలు. నా గుండె చప్పుడుకి అవి బెదిరిపోతాయేమో అనిపించింది. అవి బెదరలేదు. కదలని పడవ వాటికి ఒక దుంగ, మేము దుంగ మీది కొమ్మలం. వచ్చినవి వచ్చినట్టే వరసకట్టి, మా వాళ్లు అలివి వల చుట్టి లాగినట్టే అర్ధచంద్రంలా విచ్చుకుని, చేపల్ని గట్టు మూలకి తోలాయి. వాటికి వల లేదు. అవే వల. నీరు ఒక్కసారిగా ఉడికినట్టయింది. ఒక్కొక్కటీ చేపని రెండు చేతుల్తో పట్టుకుని, తల దగ్గర్నుంచి కరకరా నమిలాయి. ఆ చప్పుడు మా పడవలో స్పష్టంగా వినిపించింది. ఒకటి నిటారుగా లేచి నిలబడి నా మొహంలోకి చూసింది. మీసాల చివర్ల నీటిచుక్కలు ఎండకి మెరుస్తున్నాయి. ఆ చూపులో భయం లేదు, కోపం లేదు. నేనూ ఉన్నానని గమనించి మళ్లీ చేప మీదకి వంగింది. అంతకుముందు గానీ, ఆ తర్వాత గానీ ఎవరూ నన్ను అంత సరైన విలువ కట్టి చూడలేదు.

"ఏడు" అంది మేడం ఊపిరితో.

"ఎనిమిదమ్మా" అన్నాడు మావయ్య అంతకంటే మెల్లగా. "ముసిల్ది ఎనకొత్తాది. దానికొక కన్ను లేదు. నా వల ఏటా అదే మూల కొరుకుతాది."

ఒక నిమిషానికి ఎనిమిదోది వచ్చింది. ఒంటి కన్నుతో, తొందర లేకుండా. మేడం మావయ్య మొహంలోకి చూసిన చూపు నేను మర్చిపోలేను. వల కొరికే దొంగముండలని ఊళ్లో రోజూ తిట్టే మనిషి, దాన్ని చూడగానే ఇంటికొచ్చిన చుట్టాన్ని చూసినట్టు తల వంచాడు.

అప్పుడు జరిగింది అసలు సంగతి. వాటిలో పిల్ల ఒకటి వేటలో కుదురులేక గట్టెక్కి, ఫ్రెంచి తాత బూటుని చూసింది. చుట్టూ తిరిగింది. వాసన చూసి తుమ్మింది. మడమ పళ్లతో పట్టి లాగింది. నన్ను మింగబోయిన బురద దానికి బూటుని ఇచ్చేసింది. లేసు నోట కరుచుకుని, బూటు బోర్లాపడుతుంటే దానితో పాటు తానూ దొర్లుతూ, నీళ్లలోకి తోసి, దాని మీదెక్కి మునిగి, మళ్లీ తేలింది. మిగతావన్నీ ఈల వేసుకుంటూ వంపు తిరిగాయి. పిల్ల బూటుని ఈడ్చుకుంటూ వాటి వెనకే పోయింది. వంపు దగ్గర లేసు కొస ఒకసారి కనిపించి మాయమైంది. పాయ నిశ్శబ్దమైంది. నా కళ్లలో నీళ్లున్నాయి. బూటు కోసం కాదు.

"రాయి" అంది మేడం.

చేతులు బురద. పెన్సిలు వేళ్లలోంచి జారుతోంది. పొద్దున్నుంచీ నా దగ్గర ఉన్న మాటలన్నీ అచ్చు మాటలు, వాటిలో ఒక్కటీ పనికిరాలేదు. ఆఖరి పేజీలో అక్షరాలు వంకర్లు పోతూ ఇలా రాశాను: "పది దాటింది. నీటికుక్కలు ఎనిమిది. ముసలిదానికి ఒక కన్ను లేదు. పిల్ల ఎడమ బూటు పట్టుకుపోయింది." మేడం తీసుకుని చదివి, చాలాసేపు తిరిగివ్వలేదు. ఈలోగా మావయ్య గట్టు మీదకి చెయ్యి చూపించాడు. పీతలు బురద ఉండలు చేసి, ఇంట్లోంచి తలుపేసుకున్నట్టు తమ రంధ్రాలు మూసుకుంటున్నాయి. "నీరొత్తంది" అన్నాడు. నేను కేలెండరు తీయలేదు. మరో పావుగంటకి పడవ అడుగున చల్లగా ఏదో గుసగుసలాడింది.

పది రోజులకి ఉత్తరం వచ్చింది. ఉద్యోగం ఒకటే, పేర్లు రెండు. చూడ్డానికి మావయ్య, రాయడానికి నేను. ఆయన పేరు ముందు, నాది వెనక. చదువుకున్నవాణ్ణి నేనైతే ఆయన పేరు ముందేంటని వారం రోజులు మేడంతో మాట్లాడలేదు. (ఆవిడ గమనించినట్టు లేదు.) మూడేళ్లు ఆ పాయల్లో తిరిగాం. రోజూ పడవెక్కేటప్పుడు మావయ్య ఒకటే చెప్పేవాడు: "సూసింది రాయి. సూడంది రాయకు." ఫ్రెంచి తాత మాత్రం బూటు గురించి పల్లెత్తు మాట అనలేదు. ఆ పిల్ల లేసు ఎటుపక్క పట్టుకుందో, ఎంతదూరం లాగిందో నాచేత పదిసార్లు చెప్పించుకుని, మిగిలిన కుడి బూటుకి ప్రతి ఆదివారం పాలిష్ పెట్టేవాడు, రెండోది ఎప్పటికైనా తిరిగొస్తుందన్నట్టు.

మొన్న చెక్క బాట చివర మెట్లు దిగితే బురద గట్టు. మనవరాలు ఫొటో కోసం మెట్లు దిగి గట్టు దాకా వెళ్లింది, కొత్త తెల్ల బూట్లతో. ఆఖరి మెట్టు మీద కూర్చుని చూశాను. ఎర్ర చేతుల పీతలు ఉండలు చేసి తలుపులేసుకుంటున్నాయి.

"నీరొస్తోందే అమ్మా, పైకి రా" అన్నాను.

తను ఫోను తీసి చూసింది. "ఇంకా గంటకి పైనే ఉంది తాతయ్యా. కాకినాడలో నీరు ఇందాకే తిరిగిందని నిమిషాలతో సహా ఉంది ఇందులో, అక్కణ్ణుంచి అడవిలోకి రెండు గంటలని నువ్వే చెప్పావుగా."

ఈసారి లెక్క ఎటు తప్పిందో చెబుదామని నోటిదాకా వచ్చింది. పాయ పాయకీ నీరు మాట మారుస్తుందని, పీతకి ఫోను లేదని, ఇంకా చాలా. కానీ ఆ మొహంలో ఉన్న ధీమా నాకు బాగా తెలిసినదే. ఇరవై నిండకముందు నేను దాన్ని తొడుక్కునే ఇదే అడవిలోకి దిగాను. దానితో వాదించి మావయ్యే గెలవలేదు, గెలవాలని అనుకోలేదు కూడా. చెప్పులు విప్పి చేత్తో పట్టుకున్నాను.